చదవని సంతకం

మొదటి రోజే గొడవ.

"మా చెల్లిని గంటసేపు చూసి ముప్పై టిక్కులు పెట్టారు. అది నవ్వింది కదా, దానికి టిక్కేదీ?" అన్నాడు స్కూటర్ మెకానిక్.

"నవ్వు నా ఫారంలో లేదండీ."

"అయితే ఫారమే మార్చండి, స్టాప్‌వాచ్ మేడమ్!"

ఆమె నవ్వాపుకుంది. ఆటిజం ఉన్నవాళ్లకు కావలసింది అడగడం ఎలా నేర్పాలన్నదే ఆమె పరిశోధన. అతని చెల్లెలికి పంతొమ్మిదేళ్లు, మాటల్లేవు. ఏం కావాలన్నా తల గోడకు కొట్టుకునేది. మూడు నెలల్లో, అన్న ఫోటో ఉన్న కార్డు చేతికిస్తే అన్న వస్తాడని నేర్చుకుంది. పక్క గదిలోంచి అతను పరుగున వచ్చేవాడు. వచ్చి, చెల్లెలితో పాటు ఆమెనూ చూసేవాడు.

"చెల్లి కార్డిస్తే వస్తున్నా. మీరేమిస్తే రావాలి?"

"వానొచ్చేలా ఉంది, బయల్దేరండి."

ముగ్గురూ బయల్దేరారు. రెండు గొడుగులున్నా ఆ ఇద్దరికీ ఒకటే సరిపోయింది. రెండోది చెల్లెలు పట్టుకుంది.

పరిశోధన ప్రకారం తర్వాతి వారం కార్డుకు ఎవరూ పలకకూడదు. మార్పు ఈ పద్ధతి వల్లే వచ్చిందని తేలాలంటే, కొన్నాళ్లు ఆపి చూడాలి. అదంతా అనుమతి పత్రంలో ఉంది. "మీరుండగా నాకేం భయం?" అంటూ అతను చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆ పిల్ల కార్డు ఆమె చేతిలో పెట్టింది. ఆమె టిక్కు పెట్టింది. మళ్లీ ఇచ్చింది. మళ్లీ టిక్కు. గడియ వేసిన పక్క గదిలో, అద్దంలోంచి చూస్తూ అతను తలుపు బాదుతున్నాడు. పదకొండోసారి కార్డు నేల మీద పడేసి, ఆ పిల్ల గోడ వైపు నడిచింది. ఆమె కాగితాలు విసిరేసి పరుగెత్తి, గోడకూ ఆ తలకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది.

"ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టాల్సిందమ్మా" అన్నారు ఆమె పరిశోధన గైడు.

"నా వల్ల కాదు సార్. ఆపేశాను."

మెట్ల దగ్గర అతను చెల్లెలికి చెప్పులు తొడుగుతున్నాడు.

"మీరు చదవలేదని నాకు తెలుసు" అందామె. "చదివి వినిపించాల్సింది. నన్నంత నమ్మారన్న సంబరంలో ఊరుకున్నాను. మీరంటే నాకు..."

"నాకూ అంతే. అందుకేగా చదవలేదు." అతను తలెత్తలేదు. "తప్పు మీ ఒక్కరిదే కాదు."

"మళ్లీ వస్తారా?"

"చెల్లి అడిగితే తీసుకొస్తాను."

ఆమె ఆ కార్డునే చెల్లెలికి అందించబోయింది. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.