తారకేశ్వరి నడిచిన దారి

పదిహేడో గది గుమ్మంలో ఆగి, తారకేశ్వరి గోడను అరచేత్తో తడిమింది. నిన్న ఇక్కడ గోడ లేదు. ఎడమకు తిరిగి, వంగి, సందులోంచి మెట్ల వైపు నడిచింది.

గాజువాక శివార్లలోని ఆ పాత గోనెసంచుల గోదాములో ఎయిర్‌సాఫ్ట్ ఆడతారు. ప్లాస్టిక్ గుళ్లు పేల్చే తుపాకులతో రెండు జట్లు గదుల మధ్య, సందుల్లో ఒకదాన్నొకటి వేటాడతాయి. వారానికోసారి గోడలు జరుపుతారు. ఒకప్పుడు ఆటకు ముందు జట్టంతా కలిసి గంటసేపు తిరిగి, వాదించుకుంటూ దారులు నేర్చుకునేది. ఇప్పుడు ఆ పని నడకరిది. ఆమె నడిచిన దారిని పట్టుకునే జాడపట్టీని నుదుటికి కట్టుకుని ఒక్కతే ఆ ఆటస్థలమంతా నడుస్తుంది. ఆమె తెలుసుకున్నది ఒక చిన్న బిళ్లలో దారిముద్ర అవుతుంది. ఆటగాళ్లు ఆ బిళ్లను చెవి వెనక అంటించుకుంటే, మూడు నిమిషాల్లో ప్రతి మలుపూ పుట్టి పెరిగిన ఇల్లంత పరిచయమైపోతుంది. ఊరంతటా ఇదే పద్ధతి. ఆస్పత్రిలోనైనా బస్టాండులోనైనా ఒకరినొకరు దారి అడగడం మానేసి చాలా ఏళ్లయింది.

నడకరి పక్కన మనిషి ఉండకూడదు. మాట కలిస్తే ముద్ర మసకబారుతుంది. ఆరేళ్లుగా తారకేశ్వరి ఇలాంటి ఏడు ఆటస్థలాలు అలాగే నడిచింది. ఇంటికి వెళ్తే అక్కడా మాట్లాడే మనిషి లేడు.

ఆ రోజు నడక ముగించి పట్టీ విప్పుతుండగా నిర్వాహకుడు గౌరినాయుడు పిలిచాడు. కూర్చోమని కుర్చీ చూపించాడు.

"మీ నడకలో తప్పేటీ లేదమ్మా. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆడేవోళ్లు ఆట మధ్యలో ఆగిపోతన్నారు. గుమ్మం దాటిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తన్నారు, ఎవరో వస్తన్నట్టు. ఎదురు జట్టోడు కనబడితే కాల్చకుండా నిలబడిపోతన్నారు."

తారకేశ్వరి చేతిలోని పట్టీని మడిచింది. తను అలా వెనక్కి చూస్తుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

"ముద్రలోంచి అది తీసెయ్యడం కుదరదా అండీ?"

"ఈ ముద్రల యంత్రం పెట్టినోళ్లని అడిగాను. దారిని, నడిచిన మనిషిని విడదీయలేమన్నారు. రేపట్నుంచి వేరే ఆవిడ వస్తాది. ఏమనుకోకండి."

తారకేశ్వరి పట్టీని అతని ముందు పెట్టేసింది. అద్దం తలుపు తోసుకుని బయటకు వచ్చేసరికి ఒక అమ్మాయి బల్ల మీంచి లేచింది. పోర్టులో క్రేన్ నడుపుతానని, పేరు సత్యవేణి అని చెప్పింది.

"మీరేనా అక్కా, నడిచేది?"

"ఇవాళ్టితో అయిపోయింది. నా వల్ల ఆట పాడైందట."

"ఆట సంగతి కాదక్కా. మా ఇంట్లో తొమ్మిదిమందిమి. వారంలో నాలుగుసార్లు మీ ముద్ర పెట్టుకున్నాను. ఇప్పుడు ఇంట్లో అన్నం తింటన్నా వెనక ఎవరూ లేనట్టుంటాది. మా అమ్మ పిలిస్తే ఎక్కడో దూరం నుంచి ఇనబడతాది. మీకు రోజూ ఇలాగే ఉంటాదా?"

ఆరేళ్లలో తారకేశ్వరిని ఎవరూ అడగని ప్రశ్న అది. తనకు తాను కూడా చెప్పుకోని మాటను పరాయి పిల్ల మోస్తున్నందుకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది.

"ఉంటుందమ్మా," అంది. "నీకు అంటించాలనుకోలేదు."

"తెలుసు. ఇవాళ ముద్ర పెట్టుకోలేదు. ఏడింటికి ఆట. మీరే తిప్పి చూపించరా?"

గౌరినాయుడు అద్దం వెనకనుంచి చూశాడు, అడ్డు చెప్పలేదు.

ఇద్దరూ లోపలికి నడిచారు. తారకేశ్వరి మొదట గోడలు చూపించింది, ఎక్కడ వంగాలో చెప్పింది. మూడో గది దాటాక సత్యవేణి క్రేన్ మీదనుంచి సముద్రం ఎలా కనబడుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఎండాకాలం క్రేన్ పైనుండే గాజు గదిలో ఎంత ఉక్కపోతో, అక్కడ కూర్చుని తను ఏ పాటలు పాడుకుంటుందో చెప్పింది. తారకేశ్వరి నవ్వింది. చిన్నప్పుడు తనకు పడవంటే భయమని, అది పోగొట్టడానికి మేనమామ చేసిన తమాషా చెప్పింది. మాటల్లో ఎన్ని గుమ్మాలు దాటారో ఇద్దరికీ తెలియలేదు.

నాలుగు సందులు కలిసేచోట సత్యవేణి ఆగింది.

"ఇప్పుడెటు అక్కా?"

తారకేశ్వరి చుట్టూ చూసింది. ఇందాక నడిచిన చోటే. మాట కలిసి దారంతా మసకబారింది; ఏ సందు ఎటు పోతుందో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"తెలీదే," అంది. "పద, చూద్దాం."