బెండకాయ కాదు, వెదురు

"ముందు తట్టి సూడు పాపా. తట్టితే..."

"నాకు తెలుసులే అవ్వా!"

భారతమ్మ అవ్వ మాట పూర్తి కాకముందే శ్వేత చిన్న రంపం పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

ప్రొద్దుటూరులో శ్వేత వాళ్ల పక్కిల్లే భారతమ్మది. ఆమె వెదురు చీల్చి గంపలు, చేటలు అల్లుతుంది. పెరట్లో సన్న వెదురు పొద ఉంది. ఎంత ఎండ కాసినా దాని ఆకు పచ్చగానే ఉంటుంది. శుక్రవారం బడిలో క్రాఫ్ట్ ఎగ్జిబిషన్. పెన్ స్టాండు చేస్తానంటే, "ఒక కట్టె కోసుకో" అంది అవ్వ.

శ్వేతకు ఏరడం బాగా వచ్చు. మార్కెట్లో కొసలు విరిచి చూసి, లేత బెండకాయలు ఏరేది తనే. "మా శ్వేత ఏరితే ఒక్క ముదురు కాయ రాదు" అని అమ్మ అందరికీ చెబుతుంది.

పొదలో చాలా కట్టెలు మచ్చలు పడి మాసినట్టున్నాయి. ఒకటి మాత్రం నున్నగా, లేతగా, పౌడరు రాసుకున్నట్టుంది. శ్వేత దాన్నే కోసింది. ప్రతి కణుపు కిందా కోస్తే గొట్టానికి అడుగు దానంతటదే వచ్చింది! ఐదు గొట్టాలను దారంతో బిగించి కట్టింది.

శుక్రవారం నాటికి గొట్టాలు ముడతలు పడ్డాయి. దారం వదులైంది. టీచర్లు చూస్తుండగానే ఐదు గొట్టాలూ ఐదు వైపులకు వాలాయి. పెన్నులు దొర్లి కిందపడ్డాయి.

"ఏంది శ్వేతా, నీ స్టాండుకు అప్పుడే ముసలితనం వచ్చిందా?" అన్నాడు తన క్లాసు పవన్. అందరూ నవ్వారు.

సాయంత్రం శ్వేత ఆ గొట్టాలు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. అవ్వ ఒకదాన్ని చేతిలో తిప్పి చూసింది.

"పోయిన వానలకు వచ్చింది ఇదొక్కటే పాపా. రెండేండ్లు ఉంటే గంపకు అంచయ్యేది."

శ్వేతకు పవన్ మాటకన్నా ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

"లేతవే కదవ్వా మంచివి?"

అవ్వ పకపకా నవ్వింది. "అది బెండకాయకు! వెదురు ముదరల్ల."

"ఆ పొద్దు తట్టి సూడమంటివే. తట్టితే ఏమైతాదవ్వా?"

ఈసారి శ్వేత మాట పూర్తయ్యేదాకా కదల్లేదు. అవ్వ ముదురు కట్టెను వేలితో తట్టింది. టంగుమంది. లేత గొట్టాన్ని తట్టింది. మోగలేదు, 'తప్' మని ఊరుకుంది.

"మోగిందే కోయల్ల. మోగందాన్ని ఎదగనీయల్ల."

పదిరోజులకు వాన పడింది. ఆదివారం పొద్దున పొద దగ్గర, కోసిన మోడు పక్కనే, కొత్త పిలక పెన్సిల్ ములుకులా తొంగిచూసింది. శ్వేత దాన్ని తట్టనైనా తట్టలేదు. పక్కన ఒక పుల్ల గుచ్చి, జడ రిబ్బన్ విప్పి గుర్తుగా ఆ పుల్లకు కట్టింది.

సోమవారం మేడమ్ అడిగింది. "ఒక జడకే రిబ్బన్ ఉందే, రెండోది ఏది?"

"మా అవ్వ పెరట్లో పనిమీదుంది మేడమ్."

"ఎప్పుడొస్తుంది?"

"మోగినాక!"