గ్లాసులో పోసిన కాఫీ

ఆ రోజు వాన పడకపోయి ఉంటే బెల్కిస్ కోటు పాడయ్యేది కాదు, నెజాత్ బతుకు బాగుపడేదీ కాదు.

ఇస్తాంబుల్లో కుజ్గున్‌జుక్ రేవు దగ్గర నెజాత్ పడవలు బాగుచేస్తాడు. ఆ మధ్యాహ్నం ఒక పడవని బోర్లించి నీలం రంగు వేసి, టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాన. రేకుల కప్పు కింద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతి, చేపల సంచి పట్టుకుని, పచ్చిరంగుకి హాయిగా వీపు ఆనించి నిలబడి ఉంది.

"రంగు ఆరలేదని ఒక బోర్డు పెట్టలేరా మీరు?" అంది, వీపు తడుముకున్న చెయ్యి చూసుకుని.

"పెట్టానండీ. మీరు దానిమీదే నిలబడ్డారు."

ఆమె కాళ్ల కిందికి చూసింది. బోర్డు ఉంది, బురదతో సహా. తప్పు తనదని తేలేసరికి కోపం రెట్టింపయింది. బోర్డు గోడకి ఉండాలి గాని నేలమీద ఎందుకుందని దబాయించింది. గాలికి పడిందన్నాడు. సముద్రం ఒడ్డున గాలి వీస్తుందని కూడా తెలియనివాడు పడవలేం బాగుచేస్తాడంది. అప్పటికే నెజాత్ దృష్టి మాటల మీద లేదు, ఆమె ముక్కు చివర అంటిన నీలం చుక్క మీద ఉంది.

కోటుని వీధిలోని నెసిమ్ బాబాయ్ దగ్గరకు పట్టుకెళ్లారు. నెసిమ్ యూదుడు, దర్జీ. మరక చూశాడు, ఆపైన ఇద్దరి మొహాలూ చూశాడు. ఇది ఇప్పట్లో పోయే మరక కాదని, అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి కనుక్కుంటూ ఉండాలని చెప్పాడు. ఒక్క పూటలో పోయే మరకేనని వీధి మొత్తానికీ తెలుసు, ఒక్కళ్లూ నోరు మెదపలేదు.

బెల్కిస్ కోటు కోసం వచ్చేది. ఆ వేళకే నెజాత్ చొక్కా గుండీ ఊడేది.

"గుండీలు ఊడటం లేదురా, నువ్వు పీకుతున్నావు" అనేవాడు నెసిమ్, సూదిలో దారం ఎక్కిస్తూ.

అలా చలికాలం గడిచిపోయింది. వసంతం మొదట్లో ఒకనాడు బెల్కిస్ కోటు ఊసెత్తకుండా అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్న రిఫ్కీ గారు కస్టమ్స్ ఆఫీసరు, కైసేరి నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. అప్పుడే ట్రాబ్జోన్‌కి ట్రాన్స్‌ఫర్. వారంలోపు సామాను సర్దాలి.

"పెద్దవాళ్లని పంపించు. పెద్దవాళ్లు లేని ఇంటికి నాన్న పిల్లనివ్వరు" అంది. కళ్లలో నీళ్లు కనబడనివ్వకుండా వెంటనే వెక్కిరింపులోకి దిగింది. "పిల్లనడగడానికొచ్చిన పెళ్లికొడుకు కాఫీలో అందరూ ఉప్పు కలుపుతారుగా, మా ఊళ్లో చెంచాతో వెయ్యరు, గుప్పిటతో వేస్తారు. మొహం చిట్లించావో, సంబంధం అక్కడితో సరి. ఉప్పే లేదనుకో, నువ్వు నాకు నచ్చలేదని అర్థం."

ఉప్పుకి నెజాత్ భయపడలేదు. అతని బెంగంతా పెద్దవాళ్ల గురించే. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. పక్కింటి కాలియోపి పెద్దమ్మ, గ్రీకు క్రైస్తవురాలు, అన్నం పెట్టి పెంచింది. ఎదురింటి నెసిమ్ బట్టలు కుట్టి, బడికి పంపి, చెవి మెలేసి మనిషిని చేశాడు. పెద్దవాళ్లంటే అతనికి ఆ ఇద్దరే.

ఆ ఇద్దరూ ఒప్పుకోకేం. కాకపోతే పిల్లనడగడానికి ఒక పద్ధతుంది. "అల్లా ఆజ్ఞతో, ప్రవక్త మాటతో" అని మొదలుపెట్టాలి. ఆ మాట నెసిమ్ నోటితో అనాలి. కాజాలు కుడుతూ, ఇస్త్రీ చేస్తూ, మెట్లెక్కుతూ కూడా దాన్నే వల్లించుకున్నాడు. కాలియోపి విని విని తనకే వచ్చేసిందంది.

వెళ్లిన రోజు మంచిదే గాని వారం మంచిది కాదు. నెసిమ్‌కి పస్కా పండగ, పులిసిన పిండిది ఏదీ ముట్టడు. కాలియోపికి ఈస్టర్ ముందు ఉపవాసం, వెన్న, పాలు, గుడ్డు పనికిరావు. వీధిలో పసివాళ్లకి కూడా తెలిసిన సంగతి ఇది. ఆ వారం నెసిమ్ ఇతరుల కప్పుల్లో తాగడని, గాజు ఏదీ పీల్చుకోదు గనక గాజుగ్లాసైతే తాగుతాడని ప్రతి ఇంట్లోనూ అతనికోసం ఒక గ్లాసు కడిగి పక్కన పెడతారు. కొత్తగా వచ్చిన రిఫ్కీ గారింట్లో ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ముందుగా చెప్పి ఉంచాల్సిన నెజాత్ ఆ హడావిడిలో మరిచేపోయాడు.

బెల్కిస్ వాళ్లమ్మ పొద్దుటినుంచీ కష్టపడి, పిండి పొరల్లో వెన్నా చీజూ దట్టించి కాల్చిన బోరెక్ తెచ్చి ముందు పెట్టింది. నెసిమ్ గుండెమీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. కాలియోపి కూడా వద్దంది.

రిఫ్కీ గారి మొహం మాడిపోయింది. "మా ఇంట్లో ముద్ద ముట్టనివాళ్లు మా పిల్లని అడగడానికి వచ్చారా?"

కాలియోపి గబగబా సంగతి చెప్పింది. ఆయన విన్నాడు, కరిగీ కరగనట్టు తలూపాడు. అబ్బాయి తమ మతంవాడే, కాని పెంచినవాళ్లు వేరే కదా, మరి వాడికి రోజా ఉపవాసం, నమాజు ఏమైనా తెలుసా అని అడిగాడు.

"రంజాన్లో తెల్లవారకముందే గిన్నె వాయించి లేపింది నేనేనండీ" అంది కాలియోపి. "వీడు పస్తుంటే వాసన తగులుతుందని పగలు నేనూ పొయ్యి వెలిగించేదాన్ని కాదు. ఈయనేమో, పండగనాడు మసీదుకి వెళ్లొస్తే తప్ప కొత్త చొక్కా తొడగనిచ్చేవాడు కాదు."

ఈసారి రిఫ్కీ గారు తలూపడంలో కొంచెం మెత్తదనం ఉంది. నెజాత్‌కి ఊపిరాడింది.

బెల్కిస్ కాఫీ తెచ్చింది. పళ్లెంలో పింగాణీ కప్పులు, మధ్యలో ఒకే ఒక గాజుగ్లాసు. మర్యాద ప్రకారం ముందు పెద్దాయన దగ్గర వంగింది. గ్లాసు చూడగానే నెసిమ్ మొహం వెలిగిపోయింది. "ఈ ఇంట్లోనూ నాకోసం గ్లాసు పెట్టారే" అంటూ చటుక్కున అందుకున్నాడు. బెల్కిస్ పెదవి కొరుక్కుని అలాగే ఉండిపోయింది.

నెజాత్ తన కప్పు నోటిదగ్గర పెట్టుకుని, ధైర్యం చిక్కబట్టుకుని ఒక గుక్క తాగాడు. తియ్యగా ఉంది. ఇంకో గుక్క తాగి చూశాడు. పంచదార పాకం. ఉప్పు లేదంటే తను ఆమెకి నచ్చలేదన్నమాట. తల ఎత్తి చూస్తే ఆమె అతనివైపు చూడటమే లేదు.

నెసిమ్ మాత్రం గ్లాసు అడుగంటా తాగి కింద పెట్టాడు. కళ్లు చెమర్చాయి. పెంచిన ప్రేమ కాబోలనుకున్నాడు నెజాత్. అదే ఇంకా గుండె కోసింది.

"ఇక వచ్చిన పని చెప్పండి" అన్నాడు రిఫ్కీ గారు.

నెసిమ్ నిటారుగా కూర్చున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు, గరగరమన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు.

రిఫ్కీ గారి కనుబొమలు ముడిపడ్డాయి. "మా ప్రవక్త పేరెత్తడానికి మీకు నోరు రావడం లేదా?"

"నోరు రాకపోవడం కాదు నాన్నా" అంది బెల్కిస్, పళ్లెం ఒళ్లో పెట్టుకుని కింద కూలబడి. "నోట్లో ఉప్పుంది. నెజాత్ కాఫీలో గుప్పెడు ఉప్పు వేశాను. కలిసిపోకుండా గుర్తుగా దాన్ని గ్లాసులో పోశాను. ఆయన తీసేసుకున్నారు."

గదిలో అందరూ ఖాళీ గ్లాసు వైపు చూశారు. నెజాత్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మొత్తం తాగేశారా?" అన్నాడు రిఫ్కీ గారు. "మొహమైనా చిట్లించలేదే."

నెసిమ్ నీళ్లు తాగి గొంతు సవరించుకున్నాడు. "బోరెక్ ఎలాగూ కాదన్నాను. కాఫీ కూడా కాదంటే మావాడికి మీరు పిల్లనివ్వరని భయపడ్డానండీ. మీవైపు కాఫీ ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను."

రిఫ్కీ గారు నవ్వు ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, లేచి వచ్చి నెసిమ్ పక్కన కూర్చున్నాడు.

"పెద్దవాళ్లు లేని పిల్లాడని ఎవరో చెప్పారు నాకు. ఇంతకంటే పెద్దదిక్కు ఎవరికుంటుంది? అడగండి అన్నయ్యా."

నెసిమ్ అడిగాడు. అల్లా ఆజ్ఞతో, ప్రవక్త మాటతో, మీ అమ్మాయి బెల్కిస్‌ని మా అబ్బాయి నెజాత్‌కి ఇమ్మని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అడిగాడు. కాలియోపి పెదవులు కూడా ఆయనతోపాటే కదిలాయి.

"ఇచ్చాను" అన్నాడు రిఫ్కీ గారు. కూతురి వైపు తిరిగి, "పెళ్లికొడుక్కి ఇంకో కాఫీ పట్రా. ఉప్పు తగ్గించకు" అన్నాడు.

బెల్కిస్ ఆ కాఫీ కప్పులోనే తెచ్చింది. నెజాత్ ఆమె కళ్లలోకి చూస్తూ చివరి చుక్క దాకా తాగి, పంచదార కొంచెం ఎక్కువైందన్నాడు.