పద్దెనిమిది కిలోల పట్టు

దుర్గి శిల్పుల బజారులో మల్లికార్జునంత మొండివాడు ఇంకొకడు లేడు. తండ్రి పున్నారావుకి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక, ఆయన సుత్తీ ఉలులూ గోనెసంచిలో కట్టి అటకెక్కించాడు. మంచినీళ్ళ చెంబు కూడా తనే ఎత్తి అందించేవాడు. ప్రేమంటే అదేననుకున్నాడు పాపం.

ఆ ఇంటికి మాచర్ల నుంచి ఫిజియోథెరపిస్టు జ్యోతిర్మయి వచ్చింది. పున్నారావు చేతిలో పిడికిలి పట్టు కొలిచే ఓ చిన్న మీటరు పెట్టి, "గట్టిగా నొక్కు బాబాయ్" అంది.

ముల్లు పద్దెనిమిది కిలోల దగ్గరే ఆగిపోయింది.

"నలభై ఏళ్ళు రాయి కొట్టిన చెయ్యమ్మా ఇది" అన్నాడాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూణ్ణెల్లు మంచం మీదుంటే కండ కరిగిపోద్ది బాబాయ్. కండ తగ్గితే చిన్న పనికి కూడా గుండె చానా కష్టపడాల. డాక్టరుగారు సరేనన్నారు, మెల్లగా మొదలెడదాం. బలమొస్తే సుత్తి కూడా పట్టొచ్చు."

మల్లికార్జున చివాల్న లేచాడు. "ఏంది మేడం, సుత్తా? గుండె జబ్బు మనిషికి రెస్ట్ కావాల!"

"ఇచ్చారుగా రెస్ట్. ముల్లు చూశారుగా."

ఉక్రోషంతో మీటరు లాక్కుని తను నొక్కాడు. యాభై ఆరు!

"మీ చేతికేం ఢోకా లేదు. మీ భయానికే మందు లేదు" అంటూ ఆమె పందిట్లో ఉన్న రాతి నంది వైపు చూసింది. "ఆ నందికి కళ్ళేవండీ?"

"మా ఇంట్లో ఏ విగ్రహానికైనా కళ్ళు చెక్కేది పెద్దోడే. నాన్న ఉండగా నేను ఉలి పెట్టను."

"కళ్ళు ఆయనే తెరవాలంటారు. సుత్తేమో మీరే దాచారు. ఇదేం న్యాయం?"

ఆ సాయంత్రం సంచి అటక దిగింది. ముడి మాత్రం విప్పలేదు.

ఇక వారానికి రెండు రోజులు పాఠాలే. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బరు బంతి పిసకడం, నీళ్ళ బాటిళ్ళు ఎత్తడం. "ఊపిరి బిగబట్టకు బాబాయ్, పైకి లెక్కపెట్టు" అనేది ఆమె. తండ్రితో పాటు కొడుకూ లెక్కపెట్టేవాడు. ఆమె వచ్చే రోజు మాత్రం తలలోని రాతిపొడి దులుపుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ లెక్కపెట్టేవాడు.

ఓ రోజు జోరున వాన. అయినా తడిసి ముద్దయి వచ్చింది.

"ఇంత వానలో ఎందుకండీ?" టవల్ అందించాడు.

"బాబాయ్ ఎదురుచూస్తుంటాడని."

"నాన్న ఒక్కడేనా?"

ఆమె మీటరు తుడవసాగింది. పెదవుల మీద నవ్వు మాత్రం దాచలేకపోయింది.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఆ బాబాయ్ అనే పిలుపు మార్చరాదా? నాన్న మీకు బాబాయైతే, నేనేమవుతానో ఆలోచించారా?"

ఆమె వరస కలుపుకుని చూసింది. మొహం ఎర్రబడింది. "ముందు నందికి కళ్ళు రానీండి. తర్వాత చూద్దాం."

మూడు నెలలకి ముల్లు ఇరవై ఏడు చూపించింది. డాక్టరు కూడా తేలిక పని చేసుకోమన్నాడు. పున్నారావు తన చేత్తోనే సంచి ముడి విప్పి, చిన్న సుత్తి తీసుకుని నంది ముందు కూర్చున్నాడు. మల్లికార్జున గుడ్లప్పగించి నిలబడిపోయాడు.

"ఊపిరి బిగబట్టమాకరా! పైకి లెక్కపెట్టు" అన్నాడు తండ్రి.

"ఒకటి... రెండు..." కొడుకు గొంతు వణికింది. సుత్తి మాత్రం వణకలేదు.

రెండో కన్ను పూర్తయ్యేసరికి మల్లికార్జున ఏడుస్తున్నాడు. జ్యోతిర్మయి గబగబా పున్నారావు దగ్గరికొచ్చింది. "ఆయాసంగా ఉందా బాబాయ్?"

"ఆయాసం లేదు గానీ, ఆ పిలుపే బాలేదు తల్లీ. మంచం మీదున్నోడికి చెవులు బాగా పనిచేస్తయ్. నీకిష్టమైతేనే, మీ నాన్నతో నేను మాట్లాడతా."

ఆమె తల దించుకుంది. మల్లికార్జున ఈసారి నిజంగానే ఊపిరి బిగబట్టాడు.

జ్యోతిర్మయి పున్నారావు మణికట్టు పట్టుకుని వాచీ చూసుకుంది.

"కాసేపు మాట్లాడకు మావయ్యా. పల్స్ చూడాల."