పత్తిగింజల మర్యాద

2004 వేసవి. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని కొట్టం వైపు నడిచాడు బుల్లయ్య. దర్శి దగ్గర ఆ ఊళ్లో ఎద్దుల కొట్టంలో గుర్రమంటే ఎవరూరుకుంటారు? వారం రోజులుగా వచ్చేజనం, పోయేజనం. ఆయనకి ఒళ్లుమంట.

హైదరాబాదు రేసుకోర్సులో గుర్రాల డాక్టరుగా చేస్తున్న కూతురు శ్రీదివ్య, కాలి నరం దెబ్బతిని పందేలకి పనికిరాని ఈ ఆడగుర్రాన్ని లారీలో తెచ్చింది. ఇక్కడే ఉంచుకుందామని కూతురి ఆశ. ఆదివారంలోగా ఎవరికైనా ఇచ్చెయ్యమని తండ్రి గడువు. గుర్రం పేరు ఈవెనింగ్ రాగ. నోరు తిరగక బుల్లయ్య భార్య వెంకటరావమ్మ రాగమ్మ అంటోంది.

ఒళ్లుమంటయితే చూడకుండా ఉండొచ్చుగా! ఉండలేడు. ఒకప్పుడు తన ఎద్దులతో బండలాగుడు పోటీల్లో జిల్లా అంతా పేరు తెచ్చుకున్న మనిషాయె.

"ఇంతకీ ఇదేం లాగేదమ్మాయ్?"

"ఏమీ లాగదు నాన్నా. పరిగెత్తుతుంది."

"ఉత్తినేనా?"

శ్రీదివ్య నవ్వింది. "ఉత్తినే. పొట్టి పందెంలో వెనకబడేది. మరీ పొడుగైతే ఆయాసం. రెండు కిలోమీటర్లంటే మాత్రం దీనిదే. చివరి మలుపుదాకా అందరి వెనకాల బద్ధకంగా వచ్చేది. అక్కణ్నుంచి ఒక్కోదాన్నీ దాటుకుంటూ పోయేది. హైదరాబాదు, బెంగుళూరు, మద్రాసు... మూడుచోట్లా గెలిచింది."

"గెలిస్తే పసుపు రాసి ఊరేగించారా?"

"ఫొటో తీశారు."

"మీ పట్నంవాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది!"

ఆ మాటలైన మూడోనాడు పొద్దున గుర్రం నేలమీద పడి దొర్లుతోంది. లేవడం, డొక్కవైపు తిరిగి చూసుకోవడం, మళ్లీ పడడం. శ్రీదివ్య పరిగెత్తుకొచ్చి దాని పొట్టమీద చెవి ఆనించింది.

"దీనికెవరేం పెట్టారు?"

వెంకటరావమ్మ మొగుడి వంక చూసింది. బుల్లయ్య నేలచూపులు చూస్తూ, "ఉలవలుడకబెట్టి, గుప్పెడు పత్తిగింజలు రుబ్బి..." అని నసిగాడు.

"గుప్పెడా? బుట్టెడు!" అంది భార్య.

"ఎద్దు నెమరేస్తుంది నాన్నా, గుర్రం వెయ్యదు! కడుపు బిగిస్తే కక్కనైనా లేదు. చచ్చిపోతుంది!"

"గెలిచిన పశువు కదమ్మా... మర్యాద చెయ్యొద్దూ?"

"మర్యాదా?" శ్రీదివ్య అరిచింది. "మన ఎద్దులు గెలవలేదా? ట్రాక్టరొచ్చిందని కబేళా లారీ ఎక్కించలేదూ! నేను బడినుంచి వచ్చేసరికి కొట్టం ఖాళీ. నిన్నొక్క మాట అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు నాన్నా!"

"ఏమే, నోటికెంతొస్తే అంతేనా?" అంది తల్లి. బుల్లయ్య చెయ్యెత్తి ఆపాడు.

శ్రీదివ్య సూది వేసింది. లద్ది వేసేదాకా పడుకోనివ్వకుండా నడిపిస్తూనే ఉండాలంది. బుల్లయ్య తాడు పుచ్చుకుని ఎండుమిరపకాయలు ఆరబోసిన కల్లం చుట్టూ గుర్రాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. ఎండెక్కింది, దిగింది. కూతురు అడిగినా తాడు ఇవ్వలేదు. గుర్రం ఆగితే మెడ నిమిరి, "నడువు తల్లీ, నా పాపాన నిన్ను పోనివ్వను" అని బతిమాలాడు.

పొద్దుగూకే వేళ కూతురు మంచినీళ్లు తెచ్చింది. ఆయన తాగలేదు.

"ఆ ఏడు పురుగు పత్తంతా తినేసింది. అప్పులు తీర్చడానికి పొద్దున్నే ఎద్దుల్ని అమ్మాను. లారీ కదిలాక నావల్ల కాలేదు. పొదిలి రోడ్డుదాకా సైకిలు తొక్కాను దాని వెనకాల. అందుకోలేకపోయానమ్మా."

ఇన్నేళ్లూ శ్రీదివ్య ఆయన్ని రాయి అనుకుంది.

"నాకు చెప్పొచ్చుగా నాన్నా!"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అంతలో గుర్రం తోక ఎత్తింది. బుల్లయ్య తాడు వదిలేసి కేక పెట్టాడు.

"లద్ది! ఒసేయ్ వెంకటరావమ్మా, లద్ది వేసిందే!"

వీధిలోవాళ్లు ఏం ప్రమాదమో అనుకుని ఉరుక్కుంటూ వచ్చారు. చూస్తే ఆస్తులు దొరికినట్టు ఆ లద్ది ముందు చతికిలబడి, తలపాగాతో మొహం కప్పుకుని ముసలాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. కూతురు పక్కన కూలబడి ఆయన్ని గట్టిగా పట్టుకుంది.

"దీన్ని ఎవరికీ ఇవ్వనమ్మా," అన్నాడు బుల్లయ్య. "నా కంఠంలో ప్రాణముండగా ఏ లారీ ఎక్కనివ్వను."