మదనపల్లెకు, కుప్పానికి నడుమ

వాన పడుతోంది. స్కూలు వరండాలో గోడకు మొహం పెట్టి ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు రెండో తరగతి కౌసర్. రెండోవారు ఆ రోజే స్కూలుకు కౌన్సెలర్‌గా వచ్చిన షైలజ.

కౌసర్‌ను అక్కడ నిలబెట్టింది పీఈటీ సార్ బెన్నీ. షైలజను ఎవరూ నిలబెట్టలేదు.

"మేడం, మీరు యాల నిలబడినారు ఈడ?"

"ఈ పాప యాల నిలబడిందో తెలుసుకుందామని సార్."

"ఇంకో పిల్ల చెయ్యి కొరికింది. ఈ నెలలో మూడోసారి. అందుకు."

"మీరు నిలబెట్టిన కారణం అది. పాప కొరికిన కారణం ఏంది?"

బెన్నీ మెడలోని విజిల్‌ను అటూ ఇటూ తిప్పాడు. "గోడను సూస్తాంటే తెలిసిందా మీకు?"

"గోడకు సున్నం కొట్టించాలని మాత్రం తెలిసింది."

కౌసర్ కిసుక్కున నవ్వింది. బెన్నీకి కోపం రావాల్సిందే. కానీ వాన జల్లుకు తడిసి షైలజ నుదుటికి అంటుకున్న వెంట్రుకను చూస్తూ కోపం సంగతి మరిచిపోయాడు.

మదనపల్లెలోని ఆ స్కూలుకు షైలజను ఒక సంస్థ ఏడాది కోసం పంపింది. ఆమె సొంతూరు కుప్పం. వారం రోజులపాటు ఆమె కౌసర్‌ను దూరం నుంచే గమనించింది. ఎనిమిదో రోజు బెన్నీని పిలిచింది.

"సార్, ఆ పాప క్లాసులో కొరకదు. ఆటల్లో కొరకదు. మీరు విజిల్ వేసి లైన్ కట్టమంటారు సూడండి, అప్పుడే. వెనకనుంచి తోస్తారు. ఒళ్లు తగిలితే ఆ పాపకు భయం. నోటితో చెప్పడం చేతగాక కొరుకుతాంది."

శనివారం బెన్నీయే పెయింట్ డబ్బా తెచ్చాడు. లైన్‌లో నిలబడేందుకు వరండా పొడవునా ఒక్కో పిల్లకు ఒక్కో జత పాదాలు, నడుమ మూరెడు ఎడం. ఇద్దరూ కింద కూర్చుని సాయంత్రం దాకా గీశారు.

"మీరు గీసినవి బాతు కాళ్ల మాదిరి ఉండాయి సార్."

"మీ పాదానికి ఆరు వేళ్లుండాయి. లెక్కపెట్టుకోండి."

లెక్కపెట్టింది. నిజంగానే ఆరు. ఇద్దరి నవ్వుకు వాచ్‌మన్ లేచి తొంగిచూశాడు.

ఆ తర్వాత కౌసర్ ఎవరినీ కొరకలేదు. ఎవరన్నా తోస్తే చెయ్యి చాపి "జరగండి" అనడం నేర్చుకుంది. బెన్నీ మాత్రం తన మనసులో మాట చెప్పడం నేర్చుకోలేదు. ఏడాది గడిచింది. షైలజను కుప్పం స్కూళ్లకు వేశారు. బస్సు కదిలే దాకా అతను ఆమె బ్యాగు గురించి, కిటికీ సీటు గురించి, వి.కోట దగ్గర రోడ్డు గురించి మాట్లాడాడు. ఇంకేమీ మాట్లాడలేదు.

ఆమె లేని స్కూలు అతనికి కొత్తగా అనిపించింది. ఫోన్ చేయాలని చెయ్యి పోయేది. ఏమని చేయాలి? ఒక సాయంత్రం ఫోన్ చేసి నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"మేడం, నాలుగో తరగతిలో సిద్దప్ప అని ఒకడు చేరినాడు. సరిగ్గా అన్నం తినడు. ఎవరితోనూ మాట్లాడడు. గేటు పక్కే సూస్తా కూర్చుంటాడు."

"పాపం. వాడికి ఇష్టమైనోళ్లు ఎవరన్నా దూరమైనారా సార్?"

"అయినట్టుండాది."

ఆ రోజు నుంచి షైలజే ఫోన్ చేసేది. సిద్దప్ప తిన్నాడా? నవ్వినాడా? బెన్నీ తన సంగతులే వాడి పేరుమీద చెప్పుకుంటూ పోయాడు. రెండు వారాలు అతనికి పండగలా ఉంది.

ఒక శుక్రవారం చెప్పాపెట్టకుండా షైలజ వచ్చింది. నాలుగు గంటలు బస్సులో కూర్చుని, నేరుగా గ్రౌండ్‌లోకి.

"సిద్దప్ప యాడ సార్? ఆఫీసులో అడిగితే అట్లాంటి పేరే లేదంటాండారు."

బెన్నీ తల వంచుకున్నాడు. "లేడు."

"లేడంటే? స్కూలు మానేసినాడా?"

"అట్లాంటి పిల్లోడే లేడు మేడం. మీతో మాట్లాడాలని..."

షైలజ భుజం మీది బ్యాగు తీసి కింద పెట్టింది.

"ఆ బిడ్డకు ఏమవుతాందో అని రెండు వారాలుగా నాకు అన్నం దిగలేదు. రేపు నిజంగా ఒక బిడ్డ కష్టం గురించి ఎవరన్నా చెప్తే, నేను ముందు అనుమానపడాల్నా?" కళ్లు తుడుచుకుంది. "నాతో మాట్లాడాలని ఉంటే, మాట్లాడాలని చెప్తే సరిపోయేది గదా సార్."

ఆ చివరి మాటే బెన్నీని నాలుగు నెలలు వదల్లేదు.

ఫోన్ చేసే ముఖం అతనికి లేదు. మొబైల్‌లో వాతావరణం చూసేవాడు, మదనపల్లె పేరు కింద కుప్పం పేరు. అక్కడ వాన అని చూపిస్తే, గొడుగు తీసుకుందో లేదో అని క్లాసు మధ్యలో ఆగిపోయేవాడు. రాసిన మెసేజ్‌లన్నీ తనే చెరిపేసేవాడు.

నవంబరులో మైమూన్ బీ నుంచి ఫోన్ వచ్చింది. కౌసర్ వాళ్లమ్మ. దసరాకు వాళ్లు బట్టల అంగడిని పుంగనూరుకు మార్చుకున్నారు.

"సార్, కొత్త స్కూల్లో మా పాప మళ్లీ కొరికింది. టీసీ తీసుకుపోమంటాండారు. రేపు పది గంటలకు రమ్మన్నారు. నాకేం మాట్లాడాల్నో తెలీదు."

బెన్నీ సెలవు పెట్టాడు. షైలజకు మెసేజ్ పెట్టాడు, ఈసారి చెరపలేదు. "కౌసర్‌కు టీసీ ఇస్తామంటాండారు. పుంగనూరు. రేపు పది గంటలకు. ఇది నిజం. మీరు నమ్మకపోయినా నేను పోతాండా."

ఆమె చూసినట్టు తెలిసింది. జవాబు రాలేదు.

పుంగనూరు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ప్రభావతి టేబుల్ మీద టీసీ కాగితం పెట్టుకునే కూర్చుంది. "మూడొందల మంది పిల్లలుండారు సార్. వాళ్ల సేఫ్టీ నేను సూడాల గదా."

"సూడాల మేడం. దెబ్బ తగిలిన బిడ్డకు న్యాయం జరగాల. ఒక్క మాట పాపను అడగనియ్యండి."

బెన్నీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల్లి బురఖా వెనక దాక్కున్న కౌసర్ కళ్లకు తన కళ్లు సమానంగా వచ్చాయి. యాల కొరికినావని అడగలేదు.

"ఈ స్కూల్లో ఏ టైము నీకు కష్టంగా ఉంటాదమ్మా?"

పాప మాట్లాడలేదు. బెన్నీ వేచి చూశాడు. ఒకప్పుడైతే ఈపాటికి మూడుసార్లు విజిల్ వేసి ఉండేవాడు.

"కొళాయి కాడ," అంది చివరికి కౌసర్. "అందరూ మీద పడతారు సార్. జరగండి అంటే ఎవరికీ వినపడదు."

బెన్నీ తల తిప్పితే గుమ్మంలో షైలజ. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చున్నీ నిండా బస్సు దుమ్ము.

"మేడం, నేను కౌసర్ పాత స్కూలు కౌన్సెలర్‌ను," అందామె ప్రభావతితో, "కొళాయి కాడికి ఐదైదు మందిని పంపుదాం. పక్కన ఒక టీచర్ ఉంటే సాలు. కౌసర్ ఆ బిడ్డకు సారీ చెప్తాది. పదైదు రోజులకొకసారి నేనే వచ్చి సూసుకుంటా."

ప్రభావతి అందరి ముఖాలూ చూసింది. "ఒక నెల సూస్తా," అంటూ కాగితాన్ని సొరుగులో పెట్టేసింది. మైమూన్ బీ పాపను గుండెకు హత్తుకుంది.

బస్టాండులో సన్నగా తుంపర.

"మీరు రారనుకున్నా," అన్నాడు బెన్నీ.

"కౌసర్ పేరు సూసి బస్సెక్కినా. మిమ్మల్ని నమ్మింది మాత్రం మీరు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడే."

"ఆ పొద్దు నేను చేసింది పెద్ద తప్పు. ఇంకెప్పుడూ ఏ బిడ్డనూ అడ్డం పెట్టుకోను." అతను ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకు ప్రేమ షైలజా. మీతో మాట్లాడాల. రోజూ. ఊరికే."

ఆమె వాన వైపు చూసింది. "మరి నాలుగు నెలలు ఒక్క ఫోనన్నా చెయ్యలేదే?"

"కోపంగా ఉండారని."

"కోపంగానే ఉండా. ఫోన్ వస్తాదేమోనని సూస్తానే ఉండా. రెండూ ఒకేసారి ఉండకూడదా?"

కుప్పం బస్సు వచ్చేసింది. ఆమె ఎక్కి బెన్నీ నిలబడిన వైపు కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకుంది.

"అమ్మా, ఆదివారం చర్చి అయినాక ఒకాయన అన్నానికి వస్తాండాడు. నాయనకు చెప్పు. మదనపల్లె నుంచి... పీఈటీ సార్... ఆఁ, ఆయనే."

ఆయనే! ఇంట్లో తన గురించి ఎప్పుడు చెప్పింది? ఏమని చెప్పింది? అడిగేలోగా బస్సు కదిలింది.

అది ఊరు దాటకముందే బెన్నీ ఫోన్ చేశాడు.

"ఏంది సార్?"

"ఏం లేదు. ఇయ్యాల ఇంకా బుధవారమే."

అవతల ఇంజన్ మోత, దాని మధ్య చిన్న నవ్వు.

"అవును," అంది షైలజ మెల్లగా. "ఆదివారం శానా దూరంగా ఉండాది."