స్టోరు గదిలో తిరిగే రోబో

వర్క్‌షాపు పక్కన మెట్లు దిగితే చివర్న ఒక స్టోరు గది ఉంది. చీకటి పడ్డాక అటు పోయే మొనగాడు ఆ కాలేజీలో ఒక్కడూ లేడు. పోయినేడు రోబోల పోటీ ఫైనల్లో ఓడిపోయిన రోబో ఆ గదిలోనే ఉంది మరి. రాత్రిపూట దానంతటదే నడుస్తుందట... గుర్ర్‌మని కొంత దూరం వెళ్ళి, టక్కున ఆగి, మళ్ళీ మొదలుపెడుతుందట. నవ్వకండి. చెవులారా విన్నానని వాచ్‌మన్ తాత ఒట్టేసి మరీ చెప్పాడు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మితే నమ్మండి.

కొత్త సీజన్ మొదలైంది. పోటీకి ఆరు వారాలే టైము. పాత రోబోని విప్పి దాని మోటార్లు కొత్తదానికి బిగించుకోవడం ఆ కాలేజీ రోబో టీమ్ వాళ్ళ పద్ధతి. మరి విప్పుకొచ్చేదెవరు? ఒకడికి తలనొప్పి, ఒకడికి రేపే పరీక్ష, ఇంకొకడికి ఉన్నట్టుండి వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యాలని గుర్తొచ్చింది. చివరికి అందరూ కెప్టెన్ మొహం చూశారు.

"నట్లకీ బోల్టులకీ కూడా దెయ్యాలుంటాయట్రా?" అని నవ్వాడు కెప్టెన్.

ఆ నవ్వంతా పైపైనే. లోపల గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ రోబో ఎందుకు ఓడిందో అతనొక్కడికే తెలుసు.

పోటీకి ముందు చెకింగ్ అయిపోయాక రోబో ప్రోగ్రాం ముట్టుకోకూడదని టీమ్‌లో గట్టి నియమం. పెట్టింది కూడా ఈ మహానుభావుడే! ఫైనల్‌కి మూడు నిమిషాల ముందు, ఇంకాస్త స్పీడుగా గెలిచేద్దామని, గోడకి ఎంత దూరంలో ఆగాలో చెప్పే అంకెని గుట్టుచప్పుడు కాకుండా తగ్గించేశాడు. రోబో ఆగలేదు. పోయి పోయి గోడని గుద్దుకుంది. అందరూ ఏమైంది ఏమైందని మీద పడేసరికి... "సెన్సర్ వైరు లూజైనట్టుంది" అనేశాడు. ఆ సాయంత్రమే, ఎవరూ చూడకుండా, అంకెని మళ్ళీ మామూలుగా మార్చేశాడు.

వైర్లు బిగించింది పిడుగు. అప్పటికి ఫస్టియర్ పిల్ల. చకచకా పనిచేస్తుందని అందరూ పెట్టుకున్న ముద్దుపేరు అది. ఆ రోజు మాత్రం తల దించుకుని, "సారీ అన్నా" అంది. మర్నాడు టీమ్ మానేసింది. అప్పట్నుంచి ఆ పిల్ల ఎదురొస్తే చాలు, కెప్టెన్ ఫోన్లో తల దూర్చేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాడు, కానీ నోరు విప్పేవాడు కాదు. విప్పితే కెప్టెన్‌గిరీ పోదూ!

రాత్రి తొమ్మిదింటికి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. మెట్ల దగ్గర వాచ్‌మన్ తాత అడ్డుపడ్డాడు.

"వద్దు బాబూ... పొద్దున చూసుకోకూడదూ?"

"అర్జెంటు తాతా."

మెట్లు దిగి వరండాలో సగం దూరం వెళ్ళాడో లేదో — గుర్ర్... టక్.

కాళ్ళు అక్కడే నిలబడిపోయాయి.

గుర్ర్... టక్.

వెనక్కి పరిగెడదామనుకున్నాడు. పైన అందరూ ఎదురుచూస్తున్నారు, ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? కళ్ళు మూసుకుని తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

చిమ్మచీకటి. నేలకి కాస్త ఎత్తులో రెండు ఎర్ర లైట్లు... తిన్నగా అతని వైపే వస్తున్నాయి. వెనక్కి జరిగితే తలుపు వీపుకి తగిలింది. అవి ఇంకా దగ్గరికొచ్చాయి... ఇంకా...

"నన్నేం చెయ్యకు!" అని గొణిగాడు. "తప్పు నాదే... అంకె మార్చింది నేనే... వైరు బాగానే ఉంది... పిడుగు తప్పేం లేదు..."

మోకాళ్ళకి జానెడు దూరంలో రోబో టక్కున ఆగింది.

గది మూల ఎవరో నిట్టూర్చారు. ఫోన్ లైటు వెలిగింది. బల్ల వెనక నేల మీద, ఒళ్ళో నోటుపుస్తకంతో... పిడుగు.

"రోజూ వస్తున్నా అన్నా," అంది చిన్నగా. "అడుగుల చప్పుడు విని లైటార్పేశాను. తాతే తాళం ఇచ్చాడు. ఎవరూ ఇటు రాకుండా దెయ్యం ఉందని కూడా తనే చెప్పాడు."

పుస్తకం తిప్పి చూపించింది. పేజీల నిండా ఒకటే మాట. ఆగింది. ఆగింది. ఆగింది.

"నాలుగొందల పన్నెండు సార్లు నడిపాను. ఒక్కసారి కూడా గుద్దుకోలేదు. నా తప్పెక్కడుందో దొరికితే, టీమ్‌లోకి మళ్ళీ తీసుకోమని అడుగుదామని..." పుస్తకం మూసేసింది.

కెప్టెన్‌కి తల ఎత్తాలంటే చేతకాలేదు. ఇంతకంటే దెయ్యమే ఉండి పట్టుకుపోయినా బాగుండు అనిపించింది.

"పైన టీమ్ వాళ్ళున్నారా?" అంది పిడుగు, కళ్ళు తుడుచుకుని.

"ఉన్నారు."

"అయితే పద. ఇప్పుడన్న మాటే వాళ్ళ ముందు కూడా అను."

మెట్లెక్కుతుంటే వెనక ఆ పిల్ల చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వర్క్‌షాపు తలుపు తియ్యగానే అందరూ ఒక్కసారి లేచారు.

"అన్నా! దెయ్యాన్ని చూశావా? మోటార్లేవీ?"

కెప్టెన్ పక్కకి తప్పుకుని పిడుగుని ముందుకి రానిచ్చాడు. పెదాలు తడుపుకున్నాడు.

"ముందు కూర్చోండిరా," అన్నాడు. "ఫైనల్లో మనల్ని ఓడించింది నేను."